కొలిమికి గ్యాస్ కట్టే ముందు...

కార్తీక అమావాస్య వచ్చిందంటే కారంపూడి వీధుల నిండా కొణతాలే! పల్నాటి వీరుల ఆయుధాలుగా తరతరాలు దాచుకున్న వాటిని భుజాన వేసుకుని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అయిదు రోజులపాటు వాటికి పూజలు. బ్రహ్మనాయుడి పేరు, నాగమ్మ పేరు, బాలచంద్రుడి పేరు అందరికీ తెలుసు. ఆ ఆయుధాలను సాగగొట్టిన కమ్మరి పేరు మాత్రం ఎవరికీ తెలియదు. 12వ శతాబ్దంలో నలగామరాజు ఏలిన గురజాలలోనూ, ఇవతల మాచర్లలోనూ ఎన్ని కొలిములు రాత్రింబవళ్లు రగిలి ఉంటాయో!

యుద్ధాలు పోయాయి. కొలిమి మాత్రం మొన్నమొన్నటి దాకా ఊరికి ప్రాణం. తొలకరి పడకముందే రైతు కర్రు చంకన పెట్టుకుని వచ్చేవాడు. ‘మామా, కాస్త సాగగొట్టి పెట్టు’ అంటూ తిత్తి దగ్గర తానే కూర్చుని ఊదేవాడు. కొడవలికి కక్కు కొట్టాలన్నా, గొడ్డలికి పదును పెట్టాలన్నా, బండి చక్రానికి పట్టా వేయాలన్నా అక్కడికే. ట్రాక్టర్లు వచ్చాక కర్రు పని తగ్గింది. కల్టివేటరు మొనలు, గునపాలు, పలుగులు, మిర్చి కోతల తర్వాత కట్టె నరికే కత్తులు... ఈ పనులు ఇంకా మిగిలే ఉన్నాయి. తోలుతిత్తి స్థానంలో చేత్తో తిప్పే చక్రం, దాని స్థానంలో కరెంటు బ్లోయరు వచ్చాయి. నిప్పు మాత్రం అదే బొగ్గు నిప్పు.

ఇప్పుడు ఆ బొగ్గు దగ్గరే ఆలోచన మొదలవుతోంది. సర్కారు తుమ్మ బొగ్గు దొరికినా ఒక్కో బస్తా ఒక్కో రకం. ఓసారి గట్టిది, ఓసారి సగం కాలిన కట్టె. నిప్పు రాజేయడానికే పావుగంట. ఒక్క కత్తికి పదును పెట్టాలన్నా కొలిమి మొత్తం రగలాలి. పొగ, బూడిద సరేసరి. అదే గ్యాస్ అయితే? తిప్పితే మంట, ఆపితే చల్లన. అమెరికాలో, ఐరోపాలో సరదాకి కత్తులు చేసుకునేవాళ్లు ముప్పావు అంగుళం ఇనుప గొట్టంతో సొంతంగా బర్నరు తయారు చేసుకుని, దాన్ని ప్రొపేన్ సిలిండరుకు తగిలించి పని కానిచ్చేస్తున్నారు. అవే బొమ్మలు సెల్‌ఫోన్లలో మన కుర్రాళ్లూ చూస్తున్నారు. ‘ఇంతేనా... మన వెల్డింగ్ షాపులో గంట పని’ అనిపిస్తుంది.

నిజమే. బర్నరు చేయడం గంట పనే. సిలిండరుకూ బర్నరుకూ మధ్య ఉండే ఆ నాలుగు గజాల దారిని సరిగ్గా కట్టడమే అసలు పని. కొలిమిలో కనిపించే మంటను చూసి అందరూ భయపడతారు కానీ, అది ఉండాల్సిన చోటే ఉంటుంది. భయపడాల్సింది కనిపించకుండా అతుకుల్లోంచి జారిపోయే గ్యాస్‌కి!

ముప్పై సెంటీమీటర్లు... పది మీటర్లు

మన ఇంటికొచ్చే ఎల్పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్ వాయువుల మిశ్రమం. పశ్చిమ దేశాల కమ్మరులు వాడేది దాదాపు పూర్తిగా ప్రొపేనే. రెండింటినీ ఒత్తిడితో ద్రవంగా మార్చి సిలిండరులో నింపుతారు. ఒక లీటరు ద్రవం బయటికొస్తే సుమారు 250 లీటర్ల వాయువు అవుతుంది. చిన్న తడిలా కనిపించిన కారు గదంతా ఎందుకు నిండుతుందో అర్థమైంది కదా!

వంటింటి రెగ్యులేటరు ఆ ఒత్తిడిని బాగా తగ్గించి పొయ్యికి పంపుతుంది. ఎంతకి తగ్గిస్తుందంటే, ముప్పై సెంటీమీటర్ల ఎత్తు నీటిస్తంభం కలిగించే ఒత్తిడికి. అంటే ఓ అడుగు బిందెలో నీళ్లు అడుగున ఎంత నొక్కుతాయో అంత. కొలిమి బర్నరుకు అది చాలదు. దాని పని తీరే వేరు. గొట్టం మొదట్లో మిల్లీమీటరు కంటే సన్నని రంధ్రం ఉంటుంది. అందులోంచి గ్యాస్ చురుగ్గా దూసుకుపోతూ చుట్టూ ఉన్న గాలిని తనతో లాక్కుపోవాలి. ఒక పాలు గ్యాస్ పూర్తిగా మండాలంటే పాతిక పాళ్ల దాకా గాలి కావాలి మరి. అంత గాలిని ఏ ఫ్యానూ లేకుండా లాగాలంటే గ్యాస్‌కి ఒత్తిడి ఉండాలి. మామూలుగా 0.2 నుంచి 1 బార్ దాకా వాడతారు. ఒక బార్ అంటే పది మీటర్ల నీటిస్తంభం. అడుగు బిందె ఎక్కడ, మూడంతస్తుల మేడ మీది ట్యాంకు ఎక్కడ!

గ్యాస్ ఖర్చూ అంతే. 0.9 మిల్లీమీటర్ల రంధ్రం నుంచి అర బార్ ఒత్తిడిలో గంటకు సుమారు ముప్పావు కిలో గ్యాస్ పోతుంది. వంటింటి పెద్ద పొయ్యితో పోలిస్తే నాలుగైదు రెట్లు. కాబట్టి వంటింటి సామాను ఏదీ ఇక్కడ పనికిరాదు. ఆ రెగ్యులేటరు చాలదు. ఆ పైపు అంత ఒత్తిడికి చేసింది కాదు. అసలు ఆ సిలిండరే ఇక్కడ ఉండకూడదు.

ఎర్ర సిలిండరు వద్దు

14.2 కిలోల ఎర్ర సిలిండరు వంటకే. దాన్ని దుకాణంలోనో కొలిమిలోనో వాడటం 2000 సంవత్సరపు ఎల్పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నేరం. నిత్యావసర వస్తువుల చట్టం కింద కేసు పెట్టొచ్చు. కేసు సంగతి అలా ఉంచండి. ప్రమాదం జరిగితే బీమా అడగడానికి కూడా దారి మూసుకుపోతుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు. హోటళ్లలో, టీ బంకుల్లో ఎర్ర సిలిండర్లు కనిపిస్తూనే ఉంటాయి. ‘వాళ్లు వాడట్లేదా?’ అనేది మన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే సమాధానం!

కొలిమికి కావలసింది 19 కిలోల వాణిజ్య సిలిండరు. సాధారణంగా నీలిరంగులో ఉంటుంది. పంపిణీదారు దగ్గర వాణిజ్య కనెక్షన్ రాయించుకుంటే చాలు. అన్నీ కలిపి వంద కిలోల లోపు గ్యాస్ ఉంచుకోవడానికి వేరే లైసెన్సు అక్కర్లేదు. సిలిండరు దించుకునేటప్పుడు పైన పట్టీ లోపలివైపు రాసి ఉండే గుర్తు చూడాలి. ‘బి-28’ అని ఉంటే 2028 ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దానికి మళ్లీ పరీక్ష చేయించాలని అర్థం. ఎ అంటే సంవత్సరంలో మొదటి మూడు నెలలు, డి అంటే చివరి మూడు నెలలు. గడువు దాటినదైతే తిప్పి పంపాల్సిందే. ఇది వంటింటి సిలిండరుకూ వర్తిస్తుంది. ఇంట్లో ఉన్నదాన్ని ఇవాళే ఓసారి చూసుకోవచ్చు.

వాల్వు నుంచి మొదలుపెట్టి...

కట్టడం సిలిండరు వైపు నుంచి మొదలవ్వాలి. ముందు వాల్వు లోపల ఉండే రబ్బరు వాషరు చూడాలి. అది చిట్లినా, లేకపోయినా ఎంత గట్టిగా బిగించినా గ్యాస్ ఆగదు. దాని మీద హైప్రెజర్ రెగ్యులేటరు కూర్చోవాలి. అందులోనూ ఒత్తిడి ఎంతుందో చూపించే గేజీ ఉన్నది, కావలసినట్టు తగ్గించుకునేది తీసుకోవాలి. మార్కెట్లో గేజీ లేనివి చవగ్గా దొరుకుతాయి. వాటితో ఎంత ఒత్తిడి వస్తోందో చెవితో విని ఊహించుకోవాల్సిందే. కొందరు ఇంకో అడుగు ముందుకేసి రెగ్యులేటరే లేకుండా సిలిండరు వాల్వుకు నేరుగా పైపు కట్టేస్తారు. సిలిండరులో ఉన్న పూర్తి ఒత్తిడి పైపులోకి వచ్చేస్తుందన్నమాట. ఇంతకు మించిన తెగింపు మరొకటి లేదు.

రెగ్యులేటరు తర్వాత పైపు. దానిమీద ఐఎస్ 9573 అనే గుర్తు, అది ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో ముద్రించి ఉండాలి. తయారైన సంవత్సరమూ చూడాలి. ఆక్సిజన్ పైపు, కంప్రెసరు పైపు, మోటారుకు వాడి మిగిలిన పైపు... ఏవీ వద్దు. ఎల్పీజీ కొన్ని రకాల రబ్బరును మెల్లగా తినేస్తుంది. పైకి బాగానే ఉంటుంది, లోపల మెత్తబడి పొరలు లేస్తుంది. పైపు ఎంత పొడవుండాలంటే, సిలిండరు కొలిమికి కనీసం పదడుగుల దూరంలో నిలబడేంత. అంతకు మించి చుట్టలు చుట్టి నేలమీద పడేయకూడదు. ఎర్రగా కాలిన ఇనుప పొలుసులు దాగలి మీంచి ఎగిరిపడేది ఆ నేలమీదే కదా! అందుకే కొలిమి పక్కన చివరి గజం మేర ఇనుప గొట్టం వేసి, రబ్బరు పైపును దాని దగ్గరే ఆపేయడం మంచిది.

ఇక అతుకులు. మన ఊళ్లలో పైపు అతుక్కి వాడే సామాను పేర్లు చెబితే గుండె ఝల్లుమంటుంది. బైండింగ్ వైరు, సైకిల్ ట్యూబు ముక్క, ఎంసీల్! నీళ్ల పైపుకు ఇవి చాలు. కారితే నేల తడుస్తుంది, అంతే. గ్యాస్‌కు స్క్రూతో బిగించే క్లాంపే వేయాలి. మర ఉన్న చోట గ్యాస్‌కు పనికొచ్చే టెఫ్లాన్ టేపు చుట్టాలి. మొదటి మరను ఖాళీగా వదలాలి, లేదంటే టేపు ముక్క ఊడి వెళ్లి ఆ సన్నని రంధ్రాన్ని మూసేస్తుంది. రబ్బరు వాషరుతో ఆగే చోట, ఇత్తడి మీద ఇత్తడి ఒత్తుకుని ఆగే చోట టేపు అక్కర్లేదు. అక్కడ చుడితే సరిగా కూర్చోక ఇంకా కారుతుంది. ఇంకో మాట... ఎడమ మర ఉన్న అమరికలు గ్యాస్ సామానులో ఉంటాయి. తిరగట్లేదని కుడివైపు బలవంతంగా తిప్పితే మర చెడిపోతుంది.

బర్నరుకు ముందు, చేయి చాస్తే అందేచోట, పావు వంతు తిప్పితే మూసుకుపోయే బాల్ వాల్వు ఒకటి ఉండాలి. కొలిమి నోటికి ఎదురుగా కాకుండా పక్కకు ఉండాలి. మంట పైకెగసినప్పుడు దాని మీదుగా చేయి పెట్టి వాల్వు కట్టేయడం కుదరని పని. మంట వెనక్కి పైపులోకి పాకకుండా ఆపే చిన్న పరికరం, ఫ్లాష్‌బ్యాక్ అరెస్టరు, వెల్డింగ్ సామాను అమ్మే చోట దొరుకుతుంది. ఎల్పీజీకి పనికొచ్చేదే అడిగి తీసుకోవాలి.

బర్నరు గొట్టం విషయంలో ఒక్కటే హెచ్చరిక. జస్తా పూత ఉన్న జీఐ గొట్టాన్ని మంట తగిలే చోట వాడకూడదు. జస్తా కాలి తెల్లటి పొగ వస్తుంది. అది పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరమే.

సబ్బు నీళ్ల పరీక్ష

అంతా బిగించాక అగ్గిపుల్ల గీయకూడదు. ముందు గిన్నెలో సబ్బు నురగ కలుపుకోవాలి. బర్నరు దగ్గర వాల్వు మూసి, సిలిండరు వాల్వు మెల్లగా తెరిచి, సిలిండరు వాల్వు మొదలుకొని ప్రతి అతుకు మీదా కుంచెతో నురగ రాయాలి. బుడగ ఉబ్బితే కారుతోందని అర్థం. గ్యాస్ కట్టేసి, విప్పి, మళ్లీ బిగించి, మళ్లీ రాయాలి. అగ్గిపుల్ల వెలిగించి అతుకు దగ్గర పెట్టి చూసే ‘పాతకాలపు అనుభవజ్ఞులు’ ఇప్పటికీ ఉన్నారు. కారుతోంటే వాళ్లకి తెలిసిపోతుంది... కాస్త గట్టిగానే!

సిలిండరు మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలి. ఎల్పీజీకి సొంతంగా వాసన ఉండదు. కారినప్పుడు తెలియడానికే మెర్కాప్టన్ అనే ఘాటు పదార్థాన్ని కలుపుతారు. కానీ గంటల తరబడి కొలిమి ముందు కూర్చున్న మనిషి ముక్కు మొద్దుబారుతుంది. ముక్కును నమ్ముకునే కంటే నురగను నమ్ముకోవడం నయం.

గ్యాస్ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. కారితే పైకి పోదు, నేల మీద పాకుతుంది. పల్నాడు ఇళ్లలో నాపరాళ్ల నేల, దాని పక్కన నీళ్ల కాలువ, పెరట్లో బావి ఉంటాయి. పల్లం ఎటుంటే గ్యాస్ అటే. గాలిలో రెండు శాతం దాకా చేరిందంటే నిప్పురవ్వ చాలు. కాబట్టి సిలిండరును గోతిలో, మెట్ల కింద, మురుగు కాలువ పక్కన పెట్టకూడదు. నిలబెట్టి, గోడకు గొలుసుతో కట్టాలి. పడుకోబెడితే వాయువుకు బదులు ద్రవమే పైపులోకి వస్తుంది. అప్పుడు బర్నరు నుంచి వచ్చేది మంట కాదు, అగ్నిధార.

కరెంటు పోతే?

ఫ్యాను లేని బర్నరు సంగతి ఇప్పటిదాకా చూశాం. బొగ్గు కొలిమికి వాడిన బ్లోయరునే గ్యాస్ బర్నరుకు తగిలిస్తే తక్కువ ఒత్తిడితోనే మంచి వేడి వస్తుంది. చాలామందికి తట్టేదీ అదే. అందులో ఒక చిక్కుంది. కరెంటు పోతే బ్లోయరు ఆగుతుంది. గ్యాస్ ఆగదు! గాలి లేని గ్యాస్ కొలిమి నిండా నిండి, నోటిలోంచి బయటికొచ్చి పచ్చటి మంటై ఎగుస్తుంది, లేదా బ్లోయరు గొట్టంలోకి వెనక్కి పాకుతుంది. కరెంటు తిరిగొచ్చి బ్లోయరు ఒక్కసారి తిరిగితే ఆ గొట్టమే పేలొచ్చు. దీనికి మందు సొలెనాయిడ్ వాల్వు. కరెంటు ఉన్నంతసేపే తెరుచుకుని ఉంటుంది, పోగానే దానంతటదే మూసుకుంటుంది. బ్లోయరుకూ దీనికీ ఒకే స్విచ్చి పెట్టాలి. కరెంటు వచ్చాక గ్యాస్ తనంతట తాను మొదలవకుండా, మనిషి నొక్కితేనే తెరుచుకునేలా ఎలక్ట్రీషియన్ చేత అమర్పించుకోవాలి. ఆ ఖర్చు వద్దనుకుంటే బ్లోయరూ వద్దు.

రెంటచింతల ఎండ

గురజాల పక్కనే రెంటచింతల. ఎండాకాలం వస్తే రాష్ట్రమంతా ఆ ఊరి పేరే వింటుంది. 45 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. స్వచ్ఛమైన ప్రొపేన్ లెక్క చూస్తే 20 డిగ్రీల దగ్గర సిలిండరులో ఉండే ఒత్తిడి 45 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుంది. సిలిండరు ఆ ఒత్తిడిని తట్టుకునేలానే చేస్తారు. ద్రవం వ్యాకోచించడానికి పైన ఖాళీ కూడా వదులుతారు. అయినా రేకుల పాకలో, ఎండ నేరుగా పడేచోట, కొలిమి సెగ తగిలేచోట పెడితే ఆ లెక్కలన్నీ తప్పుతాయి. చెట్టు నీడ, గాలి ఆడే పంచ, వేపచెట్టు కింద గోడ... సిలిండరుకు అవే చల్లని చోట్లు.

విచిత్రమేమిటంటే, అంత ఎండలోనూ సిలిండరు చల్లబడుతుంది! గంటల తరబడి గ్యాస్ లాగుతుంటే లోపలి ద్రవం ఆవిరవుతూ తన వేడినే కోల్పోతుంది. బయట చెమటలు పడతాయి, చలికాలంలో మంచు కూడా పేరుకుంటుంది. ఒత్తిడి పడిపోయి మంట నీరసిస్తుంది. అప్పుడు వేడినీళ్లు పోయడం, కింద బొగ్గులు పెట్టడం ప్రాణాలకే ముప్పు. పని ఎక్కువుంటే పంపిణీదారును అడిగి రెండు సిలిండర్లను కలిపే అమరిక చేయించుకోవాలి.

ముందు మంట... తర్వాత గ్యాస్

వెలిగించేటప్పుడు కాలుతున్న కాగితపు ఉండను ముందు కొలిమి నోట్లో పెట్టి, పక్కకు జరిగి, తర్వాత గ్యాస్ కొద్దిగా వదలాలి. గ్యాస్ వదిలి అగ్గిపెట్టె వెతుక్కుంటే ఈలోపు కొలిమి నిండిపోతుంది. మంట ఆరిపోతే వెంటనే మళ్లీ వెలిగించకూడదు. వాల్వు కట్టేసి అయిదు నిమిషాలు ఆగాలి. గొట్టంలోంచి ‘ఫట్ ఫట్’మని చప్పుడు వస్తే మంట వెనక్కి పోతోందని అర్థం. గ్యాస్ కట్టేసి గొట్టాన్ని చల్లారనివ్వాలి. ఒత్తిడి మరీ తగ్గించినప్పుడు, గొట్టం కొస బాగా ఎర్రబడినప్పుడు ఇలా అవుతుంది.

గ్యాస్ కొలిమికి పొగ లేదని తలుపులు మూసి పని చేయడం మరో పొరపాటు. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత... అంతే. రెండు వైపులా గాలి ఆడాలి. కొలిమి లోపల వేసే తెల్లటి సిరామిక్ దూదిని కూడా ఊరికే వదలకూడదు. దాని నూగు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైన వేడిని తట్టుకునే సిమెంటు పూత పూయాలి, దాన్ని కోసేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి.

రెగ్యులేటరు, గేజీ, పైపు, వాల్వులు, అరెస్టరు... వీటన్నిటికీ బర్నరు కంటే ఎక్కువే అవుతుంది. అక్కడే చాలామంది వెనకాడతారు, సైకిల్ ట్యూబు ముక్క దగ్గర ఆగిపోతారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరి పనీ ఉంది. పేరు నమోదైతే శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15 వేల రూపాయల దాకా సాయం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల రుణం ఇచ్చేలా దాన్ని రూపొందించారు.

గ్యాస్ కారుతోందని అనుమానం వస్తే స్విచ్చిలు వేయకుండా, తీయకుండా అందరూ బయటికొచ్చి, ఏ కంపెనీ సిలిండరైనా 1906కు ఫోన్ చేయాలి. రాత్రీ పగలూ పలికే నంబరది.

పని ముగించేటప్పుడు బర్నరు దగ్గర వాల్వు కట్టేసి ఇంటికి పోవడం మామూలు అలవాటు. అలా చేస్తే రాత్రంతా పైపు నిండా గ్యాస్ ఒత్తిడితో నిలిచి ఉంటుంది. ముందు సిలిండరు దగ్గర కట్టేయాలి. పైపులో మిగిలింది కొలిమిలో కాలుతుంది. నీలిమంట చిన్నదవుతూ, నీరసపడి, తనంతట తాను ఆరిపోతుంది. గేజీ ముల్లు సున్నాకు వస్తుంది. అప్పుడు బర్నరు వాల్వు మూసి, దాగలి మీద సుత్తి బోర్లించి, తలుపు దగ్గరగా వేసుకోవచ్చు.